6,000 దాటాక మొదలయ్యే ఇంజన్: ఎస్2000 ఓనర్లు దాని గురించే ఎందుకు మాట్లాడతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హోండా ఎస్2000 అనే స్పోర్ట్స్ కారు కొనాలనుకుంటున్నారు. ఓనర్లలో ఎవరిని కదిపినా బండి సంగతి వదిలేసి ఇంజన్ గురించే గంటసేపు చెబుతున్నారు. మీరేమో ఒకరి బండి పదిహేను నిమిషాలు నడిపితే "ఇందులో ఏముంది, పికప్పే లేదు" అనిపించింది. దానికి తోడు 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి 9,000 చుట్లు) దాకా తిరిగే ఇంజన్ ఎన్నాళ్లు బతుకుతుందని టెన్షన్.

పన్నెండేళ్లుగా ఈ బండి నడుపుతున్నాను. మొదట ఒక మాట అడగనివ్వండి. ఆ పదిహేను నిమిషాల్లో మీటర్ ఒక్కసారైనా 6,000 దాటిందా? దాటి ఉండదు. వేరేవాళ్ల బండి కదా, మొహమాటపడి 3,500 దగ్గరే గేర్ మార్చేసి ఉంటారు. అలా నడిపితే ఇది మామూలు రెండు లీటర్ల ఇంజనే. మీకు అనిపించింది తప్పేం కాదు, కాకపోతే మీరు చూసింది సగమే.

ఈ ఇంజన్ పేరు ఎఫ్20సీ. హోండా కంపెనీకి 50 ఏళ్లు నిండిన సందర్భానికి తలపెట్టిన స్పోర్ట్స్ కారు కోసం కొత్తగా తయారుచేశారు. 1995 టోక్యో మోటార్ షోలో ఎస్‌ఎస్‌ఎమ్ అనే నమూనా చూపించి, 1999లో అమ్మకానికి తెచ్చారు. 1,997 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. జపాన్ మోడల్‌కు 250 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), బయటి దేశాల మోడళ్లకు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్‌ని నొక్కే మోతాదు) కాస్త తగ్గించి దాదాపు 240 పీఎస్. జపాన్ లెక్క తీసుకుంటే లీటరుకు 125. అంటే ఏమిటో తెలియాలంటే పక్కన ఇంకో ఇంజన్‌ని పెట్టాలి. 1990లలో అందరూ నోళ్లు వెళ్లబెట్టి చూసిన మెక్‌లారెన్ ఎఫ్1లోని బీఎండబ్ల్యూ వీ12 ఇంజన్ 6.1 లీటర్లకు 627 పీఎస్ ఇచ్చేది. లీటరుకు 103 దగ్గర ఆగింది. ఆ కారు ధర సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మేలు. టర్బో లేకుండా లీటరుకు 125ని దాటిన ఫెరారీ 458 వచ్చేసరికి 2009 అయింది. సరిగ్గా ఆ ఏడాదే ఎస్2000 తయారీ ఆగిపోయింది.

ఇంత పవర్ ఎక్కడినుంచి వస్తోంది? సమాధానం చాలా సులువు. ఒక్కో పేలుడులో పెద్ద బలమేమీ లేదు, పేలుళ్లే ఎక్కువ. పవర్ అంటే టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, వేగంతో గుణించిన లెక్క. బయటి దేశాల మోడల్‌లో ఈ ఇంజన్ గరిష్ఠ టార్క్ 208 న్యూటన్ మీటర్లు, అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. ఈ రోజుల్లో సాదాసీదా టర్బో కారు 2,000 దగ్గరే అంతకంటే ఎక్కువ ఇస్తుంది. అయితే ఆ టర్బో పైకి వెళ్లేకొద్దీ ఊపిరి ఆడక నీరసపడుతుంది. ఎఫ్20సీ 8,300 దగ్గర కూడా 200 న్యూటన్ మీటర్లకు తగ్గదు. అంత పైన ఆ టార్క్‌ని నిలబెట్టుకోవడమే దీని గొప్పతనం.

నిలబెట్టేది వీటెక్. ఆ పేరు చాలా హోండా కార్ల మీద కనిపిస్తుంది కాబట్టి స్టిక్కర్ వ్యవహారం అనుకుంటారు. ఇందులో అది అసలు సిసలు రూపంలో ఉంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీద ప్రతి జత వాల్వులకూ మూడు లోబ్‌లు (ఉబ్బెత్తులు) ఉంటాయి. పక్కనున్న రెండూ చిన్నవి, మధ్యది పెద్దది. మామూలుగా వాల్వులు చిన్న లోబ్‌ల మీద నడుస్తాయి. అందుకే ఐడిల్ స్థిరంగా ఉంటుంది, ట్రాఫిక్‌లో అలిగి ఆగిపోదు. 6,000 దగ్గర, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఉంటే, ఆయిల్ ప్రెషర్ ఒక చిన్న పిన్నును తోసి, లోబ్‌ల కదలికను వాల్వులకు అందించే రాకర్ ఆర్మ్‌లన్నిటినీ ఒక్కటిగా బిగిస్తుంది. అప్పటినుంచి వాల్వులు పెద్ద లోబ్ చెప్పినట్టు ఆడతాయి. ఎక్కువ ఎత్తుకు లేస్తాయి, ఎక్కువసేపు తెరిచి ఉంటాయి. ఇన్‌టేక్ వైపూ ఇదే, ఎగ్జాస్ట్ వైపూ ఇదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఈ ఇంజన్‌కి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. కాలు సగం తొక్కినవాడికి సగం ఇంజనే దక్కుతుంది.

ఓనర్లు చెప్పే ఆ "కిక్" ఇదే. నిజానికి కిక్ అనే మాట నాకు అంత నచ్చదు. వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉండదు. గొంతు మారుతుంది. అప్పటిదాకా గొణుగుతున్న ఇంజన్ ఒక్కసారిగా గొంతెత్తుతుంది, అక్కడినుంచి 9,000 దాకా ఆగదు. మీరు నడిపే చాలా కార్లలో 6,000 దగ్గర ఇంజన్ "ఇక చాలు, గేర్ మార్చు" అంటుంది. ఇందులో అక్కడినుంచి ఇంకో మూడు వేలు మిగిలి ఉంటాయి. ఆ మూడు వేలూ పరుగెత్తడానికి పట్టేది చాలా తక్కువ సమయమే. ఆ కాసేపటి కోసమే ఓనర్లు ఎవరూ లేని రోడ్డు వెతుక్కుంటూ తెల్లవారుజామున లేస్తారు. నా భార్యకు ఈ విషయం ఇప్పటికీ అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పడం నాకూ చేతకాదు.

చాలామంది గమనించని ఇంకో సంగతి ఉంది. నాకు బండి మీద మనసు కుదిరింది అక్కడే. గేర్‌బాక్స్. మొదటి మోడల్‌లో ఒకటో గేర్ నిష్పత్తి 3.133, రెండోది 2.045, మూడోది 1.481, నాలుగోది 1.161. కాగితం తీసుకుని లెక్క వేయండి. రెండో గేర్‌లో 9,000 దాకా లాగి మూడుకు మారిస్తే రెవ్స్ 6,500 దగ్గర పడతాయి. మూడులోంచి నాలుగుకు మారిస్తే 7,050 దగ్గర. రెండూ 6,000 పైనే, అంటే వీటెక్ ఉన్న చోటే. ఒకటిలోంచి రెండుకు మార్చినప్పుడు మాత్రం 5,870కి, గీతకు కొద్దిగా కిందికి పడుతుంది. అంటే ఒకసారి ఆ పై లోకంలోకి వెళ్లాక, సరైన చోట గేర్ మార్చేవాడిని బండి కిందికి దిగనివ్వదు. ముందే మార్చేసేవాడు మాత్రం ప్రతి గేర్‌లోనూ బావిలో పడి మళ్లీ ఎక్కుతుంటాడు. మీరు ఆ పదిహేను నిమిషాలూ ఆ బావిలోనే ఉన్నారు. దీనికి ఇంకో మూల్యం ఉంది. గేర్లన్నీ పొట్టివి కావడంతో ఆరో గేర్‌లో గంటకు 100 కిలోమీటర్ల వేగానికే ఇంజన్ 3,000 దాటి తిరుగుతుంటుంది. దూర ప్రయాణాల్లో చెవులకు అలసట తప్పదు. మీరు ఎక్కువగా హైవేల మీద తిరిగే మనిషైతే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. వేగమే కావాలంటే ఇప్పుడు ఇంతకంటే సులువైన దారులున్నాయి. మెర్సిడెస్ ఏఎమ్‌జీ 2019లో తెచ్చిన రెండు లీటర్ల టర్బో ఇంజన్ 421 పీఎస్, 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఎస్2000 దాని వెనక పొగ పీల్చాల్సిందే. పిల్లల్ని బడికి దించి వచ్చే మంచి టర్బో హ్యాచ్‌బ్యాక్‌తో సిగ్నల్ దగ్గర పందెం వేసినా, మీరు గేర్ మార్చడంలో తడబడితే ఓడిపోతారు. ఈ ఇంజన్‌ని ఇష్టపడేవాళ్లు స్టాప్‌వాచ్ చూసి ఇష్టపడలేదు. దీని దగ్గర పని చేయాలి, చేసిన పనికి తగ్గట్టు ఇస్తుంది. ఏ పనీ చేయకుండా కావాలనుకునేవాళ్లకి ఇది విసుగు తెప్పిస్తుంది. ఆ విసుగు కూడా న్యాయమైనదే.

ఇక మీ టెన్షన్ సంగతి. 9,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 150 చుట్లు. ప్రతి వాల్వూ సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ స్ట్రోక్ 84 మిల్లీమీటర్లు కాబట్టి సగటు పిస్టన్ వేగం సెకనుకు 25 మీటర్లు. అప్పటి ఫార్ములా 1 ఇంజన్లు కూడా సగటు పిస్టన్ వేగంలో దాదాపు ఇక్కడే ఉండేవి. అవి స్ట్రోక్‌ని సగానికి తగ్గించుకుని రెవ్స్‌ని రెట్టింపు చేసుకున్నాయి, అంతే తేడా. పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు 4,000 రెట్లు దాటుతుంది. అంటే పిస్టన్‌లోని ప్రతి 100 గ్రాముల బరువూ ఆ క్షణాన 400 కిలోలకు పైగా తూగుతుంది. కనెక్టింగ్ రాడ్ దాన్ని పట్టుకుని వెనక్కి లాగాలి, సెకనుకు 150 సార్లు.

భయం వేయాల్సిన అంకెలే. కానీ ఆ అంకెల్ని ముందు పెట్టుకునే దీన్ని కట్టారు. పిస్టన్లు ఫోర్జ్ చేసినవి. సిలిండర్ గోడలు మామూలు ఇనుప స్లీవ్‌లు కావు, కార్బన్, అల్యూమినా నారలు కలిపిన అల్యూమినియం. పిస్టన్ల అడుగుభాగం మీదికి ఆయిల్ చిమ్మే జెట్‌లు ఉన్నాయి. పైన క్యామ్‌షాఫ్ట్‌ల దాకా సాగే పొడవాటి చెయిన్ లేదు. చెయిన్ మధ్యలో ఒక గేర్‌ను తిప్పితే, ఆ గేర్ క్యామ్‌లను తిప్పుతుంది. దానివల్ల హెడ్ ఇరుకుగా, చిన్నగా కుదిరింది. ఇంజన్ మొత్తం ముందు చక్రాల ఇరుసుకు వెనక్కి జరిగి కూర్చుంది. 2000 నుంచి 2004 దాకా వరసగా అయిదేళ్లు ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ పోటీలో తన తరగతి బహుమతి దీనికే వచ్చింది. రోజూ రెడ్‌లైన్ (మీటర్ మీద ఇంజన్ వేగానికి గీసిన చివరి గీత) తాకినా దీనికి ఏమీ కాదు. తాకకపోతేనే నాకు అనుమానం. ముట్టుకోకుండా గ్యారేజ్‌లో దాచిన బండి కంటే, వేడెక్కాక రోజుకోసారి 9,000 చూసిన బండినే నేను ఎంచుకుంటాను.

మరి చెడిపోయిన ఇంజన్ల కథలు ఎక్కడివి? నేను దగ్గరగా చూసినవాటిలో ఎక్కువభాగం రెండు కారణాలకే వస్తాయి. ఒకటి ఆయిల్, రెండు తప్పు గేర్.

ఆయిల్ విషయం ముందు చెబుతాను. ఈ ఇంజన్ ఆయిల్ తాగుతుంది. అన్నీ ఒకేలా తాగవు. కొన్ని అసలు ముట్టవు, కొన్ని గట్టిగా నడిపిన వారంలో కళ్లముందే తగ్గిపోతాయి. ఎక్కువ రెవ్స్‌లో నడుపుతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలి ఇంజన్‌తోనే బ్రేక్ వేస్తే, సిలిండర్‌లో ఏర్పడే వ్యాక్యూమ్ ఆయిల్‌ని రింగులు దాటించి పైకి లాగుతుంది. మొత్తం పట్టేదే ఫిల్టర్‌తో కలిపి 4.8 లీటర్లు. అందులో ఒక లీటర్ తగ్గిందంటే మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది. వీటెక్ పిన్నును తోసేదీ ఇదే ఆయిల్, పిస్టన్‌ని చల్లబరిచేదీ ఇదే ఆయిల్. డాష్‌బోర్డ్ మీద ఆయిల్ దీపం వెలిగేది లెవెల్ తగ్గినందుకు కాదు, ప్రెషర్ పోయినందుకు. అది వెలిగాక చేసేదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండుసార్లు పెట్రోల్ పోయించుకుంటే ఒకసారైనా డిప్‌స్టిక్ తీసి చూడండి. తొలి ఏళ్ల ఇంజన్లలో నాలుగో సిలిండర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ఆ ఆయిల్ జెట్‌లను పట్టి ఉంచే బోల్టులకు మొదట రెండు రంధ్రాలే ఉండేవి, తర్వాత నాలుగు పెట్టారు. మీరు చూసే బండి మొదటి రెండేళ్లదైతే ఆ బోల్టులు మార్చారా అని తప్పకుండా అడగండి.

వేడెక్కడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూలెంట్ కొంత వేడెక్కేదాకా వీటెక్‌ని కంప్యూటర్ తానే ఆపి ఉంచుతుంది. కానీ కూలెంట్ వేడెక్కిందంటే ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. మీటర్ మామూలుకు వచ్చాక ఇంకో పది నిమిషాలు 4,000 లోపే నడపండి. నిలబెట్టి ఐడిల్‌లో వేడి చేయాల్సిన పని లేదు, మెల్లగా నడిపితే చాలు.

రెండోది తప్పు గేర్. ఇది నా సొంత కథ, చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. బండి కొన్న రెండో ఏడాది, మూడో గేర్‌లో రెడ్‌లైన్ దాకా లాగి నాలుగు వేయబోయాను. ఉత్సాహంలో గేర్ రాడ్‌ని పిడికిలి బిగించి లాగడంతో అది రెండులో పడింది. క్లచ్ వదిలిన అర క్షణంలో వెనక చక్రాలు కీచుమన్నాయి. వెంటనే క్లచ్ తొక్కేశాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటే ఇంజన్ 12,400 దాకా వెళ్లి ఉండేదని తేలింది. రెవ్ లిమిటర్ ఉంది కదా అంటారేమో. అది పెట్రోల్ మాత్రమే ఆపగలదు. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటే అది చేసేదేమీ లేదు.

తమాషా ఏమిటంటే ఆ తర్వాత బండి బ్రహ్మాండంగా నడిచింది. చప్పుడు లేదు, వణుకు లేదు, కంప్రెషన్ చూపిస్తే నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయి. ఒక పాత మెకానిక్ మాత్రం "ఇంజన్ మీది వాల్వ్ కవర్ తీసి చూడందే నడపొద్దు సార్" అన్నాడు. తీస్తే రెండు వాల్వ్ స్ప్రింగ్ రిటైనర్ల మీద వెంట్రుకంత పగుళ్లు. స్ప్రింగ్‌ని వాల్వ్ కాడకు పట్టి ఉంచేవి ఈ చిన్న బిళ్లలే. అవి విరిగితే వాల్వ్ సిలిండర్‌లోకి జారుతుంది, ఆ తర్వాత ఇంజన్‌లో మిగిలేది ముక్కలే. పదహారూ మార్పించి, తర్వాతి ఏళ్ల ఇంజన్లలో వచ్చిన గట్టి రిటైనర్లు వేయించాను. అందుకే పాత ఓనర్ "ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నా సరే, మొదటి తరం బండి కొంటే వాల్వ్ కవర్ తీయించి ఇవి చూడండి. ఎలాగూ వాల్వ్ క్లియరెన్స్ చూడాలి, ఒకే పనిలో రెండూ అయిపోతాయి. ఇక గేర్ వేసేటప్పుడు రాడ్‌ని వేళ్లతో నడిపించండి, పిడికిలితో కాదు.

చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ముందువైపు నుంచి గలగల శబ్దం వస్తే టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ అలిసిపోయినట్టు. ఇది మామూలే, మార్పించుకోవచ్చు, బేరానికి పనికొస్తుంది. సిలిండర్ గోడ గీసుకుపోయి ఉంటే మాత్రం కథ వేరు. ఆ నారల గోడకి మామూలు బోరింగ్ కుదరదు. స్లీవ్‌లు వేయించడమో, వేరే ఇంజన్ వెతుక్కోవడమో చేయాలి. ఆ స్థితిలో ఉన్న బండి ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

2.2 లీటర్లది తీసుకోనా అని కూడా అడిగారు. 2004 నుంచి అమెరికాలో, తర్వాత జపాన్‌లో స్ట్రోక్‌ని 90.7 మిల్లీమీటర్లకు పెంచి 2,157 సీసీ చేశారు. రెడ్‌లైన్ 8,000కి దిగింది. మధ్యలో టార్క్ పెరిగింది, రోజువారీ నడకకి అది నిజంగానే హాయి. యూరప్‌కి చివరిదాకా రెండు లీటర్లదే వెళ్లింది. ఓనర్లు ఈ విషయం మీద పెళ్లి పందిట్లో రెండు వైపుల చుట్టాల్లా వాదించుకుంటారు. నా మాట అడిగితే, రోజూ ఆఫీసుకు నడపాలంటే 2.2. ఇంట్లో ఇంకో కారు ఉండి, దీన్ని సరదాకే ఉంచుకుంటే 9,000ది. మొదటిదాన్ని కొని రెండోదాని కోసం బాధపడేవాళ్లను చూశాను కానీ, రెండోదాన్ని కొని మొదటిదాని కోసం బాధపడినవాళ్లు నాకైతే తగల్లేదు. నేను రెండో పార్టీ మనిషిని కాబట్టి ఈ మాటని కొంత తగ్గించుకుని వినండి.

ఈ ఆదివారం ఒక బండి చూడ్డానికి వెళ్తున్నానన్నారు. ముందురోజే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. తర్వాత ఓనర్‌నే నడపమని పక్కన కూర్చోండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే మీకు చూపించాలన్న ఉత్సాహంతో 9,000 దాకా లాగాడంటే, దిగి థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. పదిహేను నిమిషాలు ఓపికగా మెల్లగా నడిపి, "ఇప్పుడు మీరు తీసుకోండి, రెండో గేర్‌లో పెట్టి పూర్తిగా తొక్కండి" అని సీటు మీకిస్తే, మిగతా పరీక్షలకు మెకానిక్‌ని పిలవండి.